ఇంట్లో కేబుల్ టీవీని బయటి నుంచి ఫోన్లో చూడాలి: సగం దూరం వచ్చి ఆగిపోయాను

రాత్రిషిఫ్టు:

అందరికీ నమస్కారం. పని మీద ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉంటాను. ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంది. నెలనెలా కట్టేది నేను, చూసేది అమ్మానాన్నలు. రాత్రి డ్యూటీ దిగాక ఆ ఛానళ్ళనే నా ఫోన్లో కాసేపు చూసుకోవాలని కోరిక. ఆపరేటర్ యాప్ ఒకటి ఉంది కానీ ఇంటి వైఫై దాటగానే సగం ఛానళ్ళకి తాళం పడిపోతుంది.

ఇప్పటిదాకా చేసింది ఇదీ. సెట్‌టాప్ బాక్స్‌కి హెచ్‌డీఎంఐ అవుట్ ఒకటి, పాత ఏవీ అవుట్ ఒకటి ఉన్నాయి. హెచ్‌డీఎంఐని యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌కి ఇచ్చి, స్టిక్‌ని పాత ల్యాప్‌టాప్‌కి గుచ్చి, అందులో ఓబీఎస్ (వీడియోని పట్టి నెట్ మీద పంపే ప్రోగ్రామ్) పెట్టాను. టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ వైరు తగిలించాను. బొమ్మ మసకబారిందని నాన్న రోజూ గొణుగుతున్నారు.

ఇంటి వైఫైలో ఫోన్లో వీఎల్‌సీ ప్లేయర్ పెడితే చక్కగా వచ్చింది. బయటికొచ్చి మొబైల్ డేటాలో పెడితే కనెక్టే కాదు. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేశాను, ఏం లాభం లేదు. రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (ప్రొవైడర్ రౌటర్‌కి ఇచ్చే అడ్రస్) 100.72తో మొదలవుతోంది, వెబ్‌లో నా ఐపీ ఎంత అని చూస్తే ఇంకేదో నంబర్ వస్తోంది. అప్‌లోడ్ స్పీడ్ 10 ఎంబీపీఎస్ దాకా ఉంది.

ఇంకో తలనొప్పి, ఛానల్ మార్చడం. ప్రస్తుతానికి అమ్మకి ఫోన్ చేసి "ఆ న్యూస్ పెట్టమ్మా" అంటున్నాను. సీరియల్ నడిచేటప్పుడు అడిగితే ఏం సమాధానం వస్తుందో మీరే ఊహించుకోండి. పైగా కొన్ని ఛానళ్ళకి స్టిక్ నుంచి ఉత్త నల్లతెర వస్తోంది, మాట కూడా లేదు. స్లింగ్‌బాక్స్ అని ఒకటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొనేస్తే ఇవన్నీ ఒక్క దెబ్బతో తీరతాయని స్నేహితుడన్నాడు. కొనొచ్చా?

పింగ్‌పాంగ్:

బ్రో, వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉందంటే నువ్వు సీజీనాట్ వెనకాల ఉన్నావ్. నీ ప్రొవైడర్ ఒక పబ్లిక్ ఐపీని బోలెడంత మందికి పంచుతున్నాడు. నీ రౌటర్లో నువ్వు ఎన్ని తలుపులు తెరిచినా వీధి గేటు తాళం వాళ్ళ దగ్గరుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ మర్చిపో.

టెయిల్‌స్కేల్ పెట్టు, నీ పరికరాలని ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే వీపీఎన్ యాప్ అది. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి. అది లోపలి నుంచే బయటికి దారి చేసుకుంటుంది కాబట్టి రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. అక్కడ కూడా నీకు 100తో మొదలయ్యే అడ్రసే ఇస్తుంది, చూసి కంగారుపడకు, అది వేరే లెక్క.

అసలు క్యాప్చర్ తంటా ఎందుకు? ఇంటి ల్యాప్‌టాప్‌ని ఎగ్జిట్ నోడ్‌గా పెట్టి, ఫోన్ ట్రాఫిక్ అంతా ఇంటి మీదుగా తిప్పు. ఆపరేటర్ యాప్‌కి నువ్వు ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. తాళాలు ఊడొచ్చు. ముందు ఇది ట్రై చేసి అప్పుడు మాట్లాడు.

రాత్రిషిఫ్టు:

థాంక్స్ బ్రో. టెయిల్‌స్కేల్ పెట్టగానే ఓబీఎస్ బొమ్మ బయటికి వచ్చేసింది! ఎగ్జిట్ నోడ్ మాత్రం పనిచేయలేదు. యాప్ లొకేషన్ పర్మిషన్ అడిగి, అది ఇచ్చాక మళ్ళీ తాళమే చూపించింది. కాబట్టి క్యాప్చర్ దారే గతి. అదీ అప్పుడప్పుడూ గిరగిరా తిరుగుతూ ఆగిపోతోంది. హెచ్‌డీ కదా అని బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్ పెట్టాను.

కోయాక్స్ మావయ్య:

బాబూ, కేబుల్ హెడ్‌ఎండ్‌లో (ఛానళ్ళని పోగేసి తీగలోకి పంపే కేంద్రం) చాలాకాలం పనిచేసి బయటపడ్డవాణ్ణి. నాకు ఏదైనా తీగ వైపు నుంచి చూడటమే అలవాటు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు స్లింగ్‌బాక్స్ సంగతి తేల్చేద్దాం. వద్దు. ఒకప్పుడు నీలాంటివాళ్ళ కోసమే పుట్టిన పెట్టె అది. అమెరికాలో క్రికోరియన్ అన్నదమ్ములు ఊళ్ళు తిరుగుతూ తమ బేస్‌బాల్ జట్టు ఆటలు చూడలేకపోతున్నామని మొదలుపెట్టారు, 2005లో మార్కెట్లోకి వచ్చింది. 2007లో ఎకోస్టార్ అనే కంపెనీ వాళ్ళని కొనేసింది. 2020 నవంబర్‌లో అమ్మకాలు ఆపేశామన్నారు, 2022 నవంబర్ 9న సర్వర్లు కట్టేశారు. పెట్టె నీ ఇంట్లో, చూసే ఫోను నీ చేతిలో, కానీ రెండిటినీ కలిపే లాగిన్ కంపెనీ సర్వర్ మీద. అది పోయాక పెట్టె బాగానే ఉన్నా పనికిరాకుండా పోయింది. స్లింగర్ అని ఔత్సాహికులు రాసిన ప్రోగ్రామ్‌తో కొన్ని మోడళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇప్పటికే పెట్టె ఉన్నవాళ్ళకి అది బాగు. కొత్తగా వెతికి కొనడం దేనికి?

కానీ స్లింగ్‌బాక్స్ చేసిన ఒక పని గమనించు. బొమ్మ పంపడంతో ఆగలేదు. సెట్‌టాప్ ముందు ఒక చిన్న ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) దీపం పెట్టి, ఫోన్లో నువ్వు నొక్కిన బటన్‌ని అక్కడ రిమోట్ లాగా కొట్టేది. ఈ పనికి దిగిన ప్రతివాడూ వీడియో గురించే తల బద్దలుకొట్టుకుంటాడు, రిమోట్ సంగతి చివర్లో చూద్దాంలే అనుకుంటాడు. బొమ్మ ఒక పూటలో వస్తుంది. నువ్వు వారం తర్వాత కూడా దీన్ని వాడతావా, విసుగొచ్చి పక్కన పడేస్తావా అన్నది తేల్చేది రిమోటే. అమ్మకి ఫోన్ చేసి ఛానల్ మార్పించడం ఎన్నాళ్ళు సాగుతుంది చెప్పు.

సరే, వైర్లతో మొదలెడదాం. నువ్వు పెట్టింది తిరగెయ్. హెచ్‌డీఎంఐ టీవీకి ఇచ్చెయ్, నాన్నగారి గొణుగుడు ఈరోజే ఆగిపోతుంది. ఏవీ వైరు నువ్వు తీసుకో. నీ బాక్స్ రెండు అవుట్‌లూ ఒకేసారి ఇస్తోందని నువ్వే చెప్పావు, అన్ని బాక్సులూ ఇవ్వవు, నీ అదృష్టం. ఏవీ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ గ్రాబర్ ఒకటి కావాలి, ఇప్పుడున్న స్టిక్ పనికిరాదు. ఆ నల్లతెర హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ పని. ఆ ఛానళ్ళకి బాక్స్ హెచ్‌డీఎంఐ మీద రక్షణ పెట్టి పంపుతోంది, అవతల ఉన్నది టీవీ కాదని తెలియగానే బొమ్మ ఇవ్వడం మానేస్తోంది. దాన్ని ఏమార్చే డబ్బాలున్నాయి, వాటి గురించి నన్నడగొద్దు. టీవీకి ఏవీ వైరు మీద ఆ ఛానళ్ళు వస్తున్నాయో లేదో అమ్మగారిని అడుగు. వస్తుంటే నీకూ వస్తాయి.

ఏవీ అంటే నాణ్యత పోతుంది కదా అంటావ్. పోతుంది. పాల్ అనే పాత టీవీ పద్ధతి ఉన్నచోట 576 గీతలు, ఎన్‌టీఎస్‌సీ ఉన్నచోట 480. కానీ చూసేది అరచేతిలో పట్టే తెర మీద. నీ 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కి కూడా ఇదే హాయి.

ఓబీఎస్‌లో రెండు చూసుకో. ఏవీ బొమ్మ ఇంటర్‌లేస్డ్, అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి వస్తాయి. సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్‌లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ పెట్టు, లేకపోతే కదిలే ప్రతిదాని అంచునా దువ్వెన పళ్ళు కనిపిస్తాయి. రెండోది, మనుషులు సన్నగా పొడుగ్గా సాగినట్టు వస్తే భయపడకు. వెడల్పు బొమ్మని బాక్స్ నొక్కి పంపుతోందన్నమాట. సోర్స్‌ని 1024 బై 576కి సాగదియ్, సరిపోతుంది.

బిట్‌రేట్ 2 ఎంబీపీఎస్ పెట్టు. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతికి ఈ సైజులో అది చాలు. 8 పెట్టావు కాబట్టే గిరగిరలు. 10 వస్తుందని టెస్ట్ చెప్పినంత మాత్రాన 10 నీది కాదు. ఇంట్లో ఎవరో ఫోటోలు బ్యాకప్ పెడతారు, సాయంత్రం వీధంతా నెట్ మీద పడుతుంది. అప్‌లోడ్‌లో సగం దాటి ఎప్పుడూ వాడకు. నీ మొబైల్ డేటా కూడా లెక్కలోకి వస్తుంది: 8 ఎంబీపీఎస్‌తో గంటకి 3.6 జీబీ ఖాళీ, 2తో అయితే 0.9 జీబీ. న్యూస్ ఛానళ్ళలో కింద పరిగెత్తే అక్షరాల పట్టీ ఉంటుంది చూడు, బిట్‌రేట్ చాలకపోతే ముందు అలుక్కుపోయేది అదే. నేను పెట్టింది సరిపోయిందో లేదో ఆ పట్టీ చూసే చెప్పేస్తాను, యాంకర్ ముఖం చూడను.

కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) 2 సెకన్లకి ఒకటి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఎన్‌కోడర్‌గా (వీడియోని కుదించే భాగం) ఆ చిప్‌లోనే ఉండే క్విక్ సింక్ ఎంచుకో, ఫ్యాన్ గోల తగ్గుతుంది. ల్యాప్‌టాప్ తీసేసి రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ పెడదామని ఎవరైనా చెబితే ఒకటి గుర్తుపెట్టుకో: పై 4లో హెచ్.264 ఎన్‌కోడర్ చిప్‌లోనే ఉంది, పై 5లో తీసేశారు. కొత్తది కదా అని పై 5 కొంటే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

టెయిల్‌స్కేల్‌ గురించి పింగ్‌పాంగ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దానికో ముక్క కలుపుతాను. ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ స్టేటస్ కమాండ్ కొట్టి చూడు, నీ ఫోన్ పక్కన డైరెక్ట్ అని ఉందా, రిలే అని ఉందా. రిలే అంటే ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య నేరుగా దారి దొరక్క వాళ్ళ సర్వర్ చుట్టూ తిరిగి వస్తోందని. ఇంట్లోనూ సీజీనాట్, మొబైల్‌లోనూ సీజీనాట్ అయితే ఇలా అవుతుంది. రౌటర్లో ఐపీవీ6 (ఒక్కో పరికరానికీ సొంత అడ్రసు దొరికే కొత్త పద్ధతి) ఆన్ చేసి చూడు. రెండు వైపులా ఐపీవీ6 ఉంటే చాలాసార్లు డైరెక్ట్ అయిపోతుంది. నువ్వు చేసిన ఆ పోర్ట్ ఫార్వర్డింగ్ తీసెయ్, దాని అవసరం ఇక లేదు. రేపు ప్రొవైడర్ పబ్లిక్ ఐపీ ఇచ్చాడనుకో, నువ్వు మర్చిపోయిన ఆ తలుపు బార్లా తెరుచుకుంటుంది.

ఇక ఆలస్యం. ఏ పద్ధతిలో పంపుతున్నావో రాయలేదు. హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి అయితే రిమోట్ పెట్టగానే నీకు పిచ్చెక్కుతుంది. అది వీడియోని ముక్కలు చేసి పంపుతుంది, 6 సెకన్ల ముక్క మామూలు, ప్లేయర్ మూడు ముక్కలు పోగేసుకుని గాని మొదలెట్టదు. అంటే నువ్వు ఛానల్ నొక్కిన 18 సెకన్లకి ఫలితం. ఈలోపు నొక్కలేదేమోనని మళ్ళీ నొక్కుతావ్, అది ఇంకెక్కడికో పోతుంది. మీడియాఎంటీఎక్స్ అని చిన్న సర్వర్ ప్రోగ్రామ్ ఉంది, ఉచితం. అదే ల్యాప్‌టాప్‌లో నడుపు. ఓబీఎస్ 30 నుంచి విప్ అనే అవుట్‌పుట్ ఉంది, దాంతో మీడియాఎంటీఎక్స్‌కి పంపు. ఫోన్ బ్రౌజర్లో 8889 పోర్ట్ తెరిస్తే వెబ్‌ఆర్‌టీసీలో (వీడియో కాల్స్‌కి వాడే ఆలస్యం లేని పద్ధతి) బొమ్మ వస్తుంది, ఆలస్యం సెకను అటూ ఇటూ. ఎన్‌కోడర్లో బీ-ఫ్రేములు (ముందువెనక ఫ్రేముల్ని చూసి అల్లేవి) సున్నా చెయ్యాలి, లేకపోతే బ్రౌజర్ ఎగిరెగిరి పడుతుంది.

రిమోట్‌కి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు ఒకటి, ఐఆర్ ఎల్‌ఈడీ ఒకటి, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్. పిన్ నుంచి నేరుగా ఎల్‌ఈడీకి ఇస్తే వెలుగు చాలదు, పిన్‌కీ మంచిది కాదు. కోడ్లు నేర్చుకోవడానికి మూడు కాళ్ళ ఐఆర్ రిసీవర్ ముక్క ఒకటి కావాలి. ఆ బోర్డులో నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఈఎస్‌పీహోమ్ చాలు. టంకం పెట్టడం రాదంటే వైఫైతో నడిచే ఐఆర్ బ్లాస్టర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కాకపోతే వాటిలో చాలావాటికి మళ్ళీ కంపెనీ సర్వరే దిక్కు. స్లింగ్‌బాక్స్ కథ పైన చెప్పాను.

రాత్రిషిఫ్టు:

మావయ్య గారూ, దండం! వైర్లు తిరగేశాను, నాన్న ఖుషీ. ఏవీ మీద ఆ నల్లతెర ఛానళ్ళు కూడా వస్తున్నాయి. మీడియాఎంటీఎక్స్ కాస్త ఏడిపించింది కానీ నడుస్తోంది, ఫోన్లో బొమ్మ బాగానే ఉంది. ఐపీవీ6 ఆన్ చేశాక డైరెక్ట్ అయింది.

రిమోట్‌లోనే ఇరుక్కున్నాను. ఇంటికి వచ్చినప్పుడు ఈఎస్‌పీ32 కట్టాను, మా రిమోట్ కోడ్లు రిసీవర్‌తో రా రూపంలో (వెలుగు మెరుపుల నిడివులు ఉన్నవి ఉన్నట్టుగా) పట్టాను. వాల్యూమ్, మెనూ, బాణాలు అన్నీ పనిచేస్తున్నాయి. 142 కొడితే 142 వస్తుంది. 155 కొడితే మాత్రం 15కి పోతుంది. 200 కొడితే 20. ఒకే అంకె రెండుసార్లు వస్తే చాలు, రెండోది మింగేస్తోంది. మధ్యలో గ్యాప్ పెంచాను, తగ్గించాను, రెండో అంకెని మూడుసార్లు పంపాను. లాభం లేదు. చేతిలో అసలు రిమోట్‌తో నొక్కితే 155 బ్రహ్మాండంగా వస్తుంది.

డిష్‌లేనోడు:

ఇంత కష్టం ఎందుకండీ? కేబుల్ తీగని నేరుగా నెట్‌వర్క్ ట్యూనర్‌కి (ఛానళ్ళని పట్టి ఇంటి నెట్‌వర్క్‌లోకి ఇచ్చే పెట్టె) గుచ్చేయొచ్చు కదా. హెచ్‌డీహోమ్‌రన్ లాంటిది. బాక్స్ లేదు, రిమోట్ లేదు, ఐఆర్ లేదు. టీవీహెడ్‌ఎండ్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఫోన్లో ఛానళ్ళ జాబితా వస్తుంది, వేలితో తాకడమే. అమ్మానాన్నలు ఒకటి, మీరొకటి చూసుకోవచ్చు.

కోయాక్స్ మావయ్య:

డిష్‌లేనోడు గారూ, యాంటెన్నా ఉన్నవాడికైతే మీ మాటే మొదట చెప్పేవాణ్ణి. ఎన్‌క్రిప్షన్ లేని ఛానళ్ళకి ట్యూనర్‌ని మించింది లేదు. కానీ డిజిటల్ కేబుల్‌లో హెడ్‌ఎండ్ నుంచి దిగే ఛానళ్ళు చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయ్యే దిగుతాయి. ఆ పని రోజూ నా కళ్ళ ముందు జరిగేది. తాళంచెవి బాక్స్‌లోని స్మార్ట్‌కార్డులోనో, చిప్‌లోనో ఉంటుంది. ట్యూనర్ సిగ్నల్ పట్టగలదు, విప్పలేదు. అమెరికాలో కేబుల్‌కార్డ్ అనే ఏర్పాటు ఉండేది, ఆ కార్డు తెచ్చి హెచ్‌డీహోమ్‌రన్ ప్రైమ్‌లో పెడితే కేబుల్ ఛానళ్ళు విప్పేది. 2020లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ కార్డులు ఇచ్చి తీరాలన్న నిబంధన ఎత్తేసింది. ఆ దారీ సన్నగిల్లింది.

రాత్రిషిఫ్టు, నీ సంగతి. చదవగానే నవ్వొచ్చింది, ఏమనుకోకు. మీ రిమోట్ వాడే కోడ్ పద్ధతి ఆర్‌సీ5 గానీ ఆర్‌సీ6 గానీ అయ్యుంటుంది. ఆ పద్ధతుల్లో రిమోట్ పంపే ప్రతి కోడ్‌లో టోగుల్ బిట్ అని ఒకటి ఉంటుంది. ఆర్‌సీ5లో అయితే మొత్తం 14 బిట్లు, అందులో మూడోది ఇదే. నువ్వు బటన్ నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కిన ప్రతిసారీ రిమోట్ ఆ బిట్‌ని 0 నుంచి 1కి, 1 నుంచి 0కి తిప్పుతుంది. బటన్ వదలకుండా నొక్కి పట్టుకుంటే తిప్పదు. బాక్స్‌కి తేడా తెలిసేది దాంతోనే: బిట్ మారితే కొత్త నొక్కుడు, మారకపోతే ఇంకా పట్టుకునే ఉన్నాడు.

నువ్వు 5 బటన్‌ని ఒక్కసారి పట్టి దాచుకున్నావ్. ఆ కోడ్‌లో టోగుల్ బిట్ ఏదో ఒక దగ్గర గడ్డకట్టి ఉంది. రెండుసార్లు పంపితే రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. బాక్స్ "ఓహో, వేలు ఇంకా తియ్యలేదు" అనుకుని రెండోదాన్ని పట్టించుకోదు. 1, 4, 2 వేరువేరు బటన్లు కాబట్టి గొడవ రాలేదు. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు పంపినా అంతే.

మందు తేలిక. రిసీవర్ ముందు 5ని ఒకసారి నొక్కి వదిలి పట్టు, మళ్ళీ నొక్కి వదిలి పట్టు. రెండు రా కోడ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకచోట నిడివులు మారి కనిపిస్తాయి, అదే ఆ బిట్. అంకెలన్నిటికీ ఇలా జంటలు చేసుకుని, ప్రతి నొక్కుడికీ ఒకటి మార్చి ఒకటి పంపు. ఇంకా శుభ్రంగా కావాలంటే రా కోడ్లు వదిలేసి, ఈఎస్‌పీహోమ్‌కి ఆర్‌సీ5 కోడ్ అర్థమవుతుంది కాబట్టి అడ్రసు, కమాండు అంకెలుగా పట్టుకో. టోగుల్ మాత్రం ప్రతిసారీ తిరుగుతోందో లేదో చూసుకో. క్యారియర్ (ఐఆర్ దీపం మినుకుమనే వేగం) కూడా గమనించు. ఆర్‌సీ5ది 36 కిలోహెర్ట్జ్, ఎన్‌ఈసీ లాంటి వేరే రిమోట్ పద్ధతులవి 38. తేడా ఉన్నా దగ్గర్నుంచి పనిచేస్తుంది, దూరం నుంచి తడబడుతుంది. అంకెకీ అంకెకీ మధ్య అరసెకను చాలు.

ఎల్‌ఈడీని బాక్స్ కన్ను మీదే అంటించావా? టార్చ్ వేస్తే ఆ నల్ల అద్దం వెనక కన్ను ఎక్కడుందో కనిపిస్తుంది. మరీ ఆనించకు, నాన్నగారి రిమోట్‌కీ దారి ఉండాలి కదా. కాస్త పక్కగా పెట్టు.

రాత్రిషిఫ్టు:

155 వచ్చేసింది!! రెండు కోడ్లూ పక్కన పెట్టి చూశాను, మీరన్నట్టే ముందు వైపే ఒకచోట తేడా. ఇన్నాళ్ళూ బాక్స్ పాడైందనుకున్నా.

ఇంకో రెండు అడిగి వదిలేస్తాను. మా బాబాయి కొడుక్కి సంగతి తెలిసి "లింక్ పంపన్నా, మ్యాచ్ చూసుకుంటా" అంటున్నాడు. టెయిల్‌స్కేల్‌లో వాడి ఫోన్ కూడా కలిపితే తప్పా? రెండు, నేను ఛానల్ మారిస్తే హాల్లో టీవీ కూడా మారిపోతోంది. నిన్న రాత్రి నాన్న బాక్స్‌కి దెయ్యం పట్టిందన్నారట.

పింగ్‌పాంగ్:

దెయ్యం 😂 రెండో బాక్స్ తీసుకో బ్రో, ఇంకో దారి లేదు. లింక్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఒకడికిస్తే వాడు పదిమందికి ఇస్తాడు, నీ అప్‌లోడ్ అక్కడే గోవిందా.

కోయాక్స్ మావయ్య:

అప్‌లోడ్ ఒక్కటే కాదు పింగ్‌పాంగ్. నీ కనెక్షన్, నీ బాక్స్, నీ కళ్ళు అయినంతవరకూ ఒక లెక్క. అప్పుడు కూడా నీ కేబుల్ ఒప్పందంలో ఏం రాసుందో ఒకసారి చదువుకోవాలి. మూడోవాడికి పంపడం మొదలెడితే అది ప్రసారం చేయడం కిందికి పోతుంది. అమెరికాలో ఏరియో అని ఒక కంపెనీ, చందా కట్టిన ఒక్కొక్కరికీ విడిగా ఒక బుల్లి యాంటెన్నా కేటాయించి, ఇది వాళ్ళ సొంత యాంటెన్నాయే, మేం దూరం నుంచి చూపిస్తున్నామంతే అని వాదించింది. 2014 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 6–3తో కాదు, ఇది బహిరంగ ప్రదర్శనేనని తేల్చింది. నువ్వు కంపెనీ కాదు, చందా వసూలు చెయ్యవు, నిజమే. అయినా తమ్ముడికి ఆ ఛానల్ యాప్ ఏదో చూపించి పంపించెయ్.

రెండో బాక్స్ విషయంలో పింగ్‌పాంగ్ మాటే మాట. ఒక బాక్స్ ఒకసారికి ఒక ఛానలే విప్పుతుంది, ఎన్ని అవుట్‌లు ఉన్నా అన్నిట్లో అదే. ఆపరేటర్‌ని అడిగి అదనపు కనెక్షన్ తీసుకుని, అది నీ ఒక్కడికే ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకో. బాక్స్‌కి ఏవీ అవుట్ ఉన్న మోడలే అడుగు, కొత్తవాటిలో తీసేస్తున్నారు. తీగని రెండుగా చీల్చే స్ప్లిటర్ వల్ల ఒక్కో వైపు సుమారు 3.5 డీబీ (డెసిబెల్) సిగ్నల్ పోతుంది. సిగ్నల్ బొటాబొటిగా ఉన్న ఇల్లయితే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, అప్పుడు ఆపరేటర్ మనిషిని పిలిచి లెవల్ చూపించు. నాలుగు దారుల స్ప్లిటర్ కొని రెండు ఖాళీగా వదలకు, దానికి 7 డీబీ పోతుంది. రెండు దారులదే కొను.

రెండు బాక్సులూ ఒకే మోడలై, ఒకే గదిలో ఉంటే ఇంకో గమ్మత్తు. నాన్నగారి రిమోట్‌కి రెండూ పలుకుతాయి. నీ బాక్స్ కన్ను మీద ఎల్‌ఈడీ ఆనించి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు మూసేసెయ్. ఇందాక ఆనించొద్దన్నది ఉమ్మడి బాక్స్ కాబట్టి. ఎల్‌ఈడీ వెలుగు మరీ ఎక్కువై బాక్స్ తికమకపడితే రెసిస్టర్ విలువ పెంచు.

రాత్రిషిఫ్టు:

సరే మావయ్య గారూ, రెండో కనెక్షన్‌కి చెప్పేశాను. నేను లేనప్పుడు కరెంటు పోయి వస్తే ఇదంతా తనంతట తను లేస్తుందా?

కోయాక్స్ మావయ్య:

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి దానికి దిగుల్లేదు. మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు, ఓబీఎస్, మీడియాఎంటీఎక్స్ రెండూ విండోస్ మొదలవగానే లేచేలా పెట్టు, లేకపోతే ఏదో అప్‌డేట్ వచ్చి అర్ధరాత్రి రీస్టార్ట్ అయ్యాక నీకు ఖాళీ పేజీ మిగులుతుంది. రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ ఉంటే మేలు.

అసలు గొడవ సెట్‌టాప్‌తో. చాలా బాక్సులు కరెంటు వచ్చాక స్టాండ్‌బైలోనే కూర్చుంటాయి. పవర్ కోడ్ కొట్టాలి. కానీ ఆన్‌కీ ఆఫ్‌కీ కోడ్ ఒకటే, కాబట్టి ముందు ఫోన్లో బొమ్మ ఉందో లేదో చూసి, లేదని నిర్ధారించుకున్నాకే ఒక్కసారి కొట్టి అరనిమిషం ఆగు. బాక్స్ లేవడానికి ఆ మాత్రం పడుతుంది. తొందరపడి రెండోసారి కొట్టావంటే మళ్ళీ పడుకుంటుంది. మెనూలో ఆటో స్టాండ్‌బై అని ఉంటే తీసెయ్, రిమోట్ కొన్ని గంటలు కదలకపోతే దానంతట అదే ఆగిపోయే బాక్సులున్నాయి. పూర్తిగా బిగుసుకుపోతే ప్లగ్ తీసి పెట్టడమే మందు, దానికి ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టుకో. బాక్స్‌కి మాత్రమే సుమా, రౌటర్ కూడా అదే ప్లగ్ మీద ఉంటే ఆఫ్ చేశాక ఆన్ చెయ్యడానికి నీకు దారే ఉండదు. ఫోన్లో బటన్ల పేజీ చేసుకుంటున్నావు కదా, పవర్ బటన్‌ని వాల్యూమ్ పక్కన పెట్టకు. రెండో పేజీలోకి తోసెయ్.